ఇంటి ఏసీ రిపేరు ఖర్చులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి ఒకటి నుంచి రెండు టన్నుల స్ప్లిట్ ఏసీలు కాబట్టి ఈ సమాధానాలన్నీ ప్రధానంగా వాటిని ఉద్దేశించినవే. ఇక్కడ ఇచ్చిన ధరలు నగరాల్లో మామూలుగా అడిగే మొత్తాలకు ఉజ్జాయింపు మాత్రమే. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి, అన్నిటికన్నా ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల రద్దీని బట్టి ఇవి మారుతుంటాయి.

మెకానిక్ వచ్చి చూసి వెళ్లినందుకే డబ్బులు ఇవ్వాలా?

ఇవ్వాలి. కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినా, యాప్ ద్వారా వచ్చినా, వీధి చివరి షాపు నుంచి వచ్చినా విజిటింగ్ ఛార్జీ తీసుకోవడం మామూలే. అది సాధారణంగా 300 నుంచి 600 రూపాయల మధ్య ఉంటుంది. రిపేరు తమతోనే చేయిస్తే ఆ మొత్తాన్ని చివరి బిల్లులో తగ్గించేవారు కొందరు ఉంటారు, తగ్గించని వారూ ఉంటారు. ఆ సంగతి ఫోనులోనే అడిగి తేల్చుకోవాలి. ఉచితంగా వచ్చి చూస్తామనే ప్రకటనలను చూసి సంబరపడనక్కర లేదు. రాకపోకల ఖర్చు ఎవరికైనా ఉంటుంది, అది విడిగా కనిపించలేదంటే ఏదో ఒక పార్టు ధరలో కలిసిపోయి ఉంటుంది.

ఏ రిపేరుకు సుమారుగా ఎంత అవుతుంది?

ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్లను ప్రెషర్ పంపుతో కడిగే జెట్ సర్వీసుకు 500 నుంచి 800 రూపాయల దాకా తీసుకుంటారు. మోటార్లు తిరగడానికి సాయపడే కెపాసిటర్ అనే చిన్న పార్టు మార్చడానికి పార్టు, కూలి కలిపి 500 నుంచి 1,000 రూపాయలు అవుతుంది. గ్యాస్ పూర్తిగా నింపడానికి 2,500 నుంచి 4,000, ఇండోర్ ఫ్యాన్ మోటారుకు 2,000 నుంచి 4,000 రూపాయలు అడుగుతారు. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలో పీసీబీని (ఎలక్ట్రానిక్ బోర్డును) బాగు చేయిస్తే 2,000 నుంచి 4,500 వరకు, కొత్తది వేయిస్తే 5,000 నుంచి 12,000 వరకు, కొన్ని మోడళ్లకు అంతకన్నా ఎక్కువ కూడా అవుతుంది. గ్యాస్ తిరిగే రెక్కల గొట్టాల కాయిల్ మార్చాలంటే 6,000 నుంచి 12,000, గ్యాస్‌ను నొక్కి గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ మార్చాలంటే గ్యాస్‌తో కలిపి 10,000 నుంచి 18,000 రూపాయల వరకు సిద్ధపడాలి.

ఈ అంకెలను వరుసగా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. లోపం ఒక్కటే అయినా, దానికి పెట్టిన పేరును బట్టి బిల్లు 700 రూపాయలు కావచ్చు, 15,000 కావచ్చు. అవుట్‌డోర్ యూనిట్ మూలుగుతూ చల్లదనం ఇవ్వకపోవడమనే లక్షణం కెపాసిటర్ పోయినప్పుడూ కనిపిస్తుంది, కంప్రెసర్ పట్టేసినప్పుడూ కనిపిస్తుంది. అందుకే ధర గురించి బేరమాడడం కన్నా, ఆ నిర్ధారణకు ఎలా వచ్చారని అడగడమే ఇంటి యజమానికి ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

గ్యాస్ అయిపోయిందని అంటున్నారు. ఏటా నింపించుకోవాలా?

అవసరం లేదు. ఏసీ రిపేర్లలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న రాగి గొట్టాల్లో ద్రవంగా, వాయువుగా మారుతూ గదిలోని వేడిని బయటికి మోస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడా లీకు లేకపోతే ఫ్యాక్టరీలో నింపిన గ్యాసే ఏసీ జీవితకాలమంతా సరిపోతుంది. కాబట్టి గ్యాస్ తగ్గిందన్న మాట నిజమైతే లీకు ఉన్నట్టే, లీకు లేదంటే గ్యాస్ తగ్గిందన్న మాట నిజం కాదు. లీకు కట్టకుండా నింపిన గ్యాస్ కొద్ది వారాల్లోనో, వచ్చే వేసవి నాటికో మళ్లీ పోతుంది, మీరు మళ్లీ అదే మూడు వేలు ఇస్తారు.

నిజంగా గ్యాస్ తగ్గినప్పుడు కొన్ని గుర్తులు కనిపిస్తాయి. అవుట్‌డోర్ యూనిట్ పక్కన రెండు రాగి గొట్టాలు బిగించిన చోట సన్నని గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. ఇండోర్ కాయిల్ ఒక మూల మాత్రమే చల్లబడి మిగతా భాగం మామూలుగా ఉంటుంది. అయితే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, ఇండోర్ ఫ్యాన్ నెమ్మదించినా కాయిల్ మీద మంచు కడుతుంది. అందువల్ల మంచును చూసిన మాత్రాన గ్యాస్ తగ్గిందని తేల్చేయకూడదు. ముందు ఫిల్టర్ కడిగి, అవుట్‌డోర్ యూనిట్‌ను శుభ్రం చేయించి, అప్పుడు గేజ్ (గ్యాస్ ఒత్తిడి కొలిచే మీటరు) పెట్టి చూడమనాలి. దుమ్ము పట్టిన కండెన్సర్ (అవుట్‌డోర్ యూనిట్ కాయిల్) మీద గేజ్ చూపించే అంకెకు పెద్దగా అర్థం ఉండదు.

లీకు ఎక్కువగా గొట్టాలను బిగించే ఫ్లేర్ నట్ల దగ్గరే ఉంటుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కనుక ఆ చోట జిడ్డుగా, దుమ్ము పట్టి నల్లబడిన మరక కనిపిస్తుంది. ఏసీ ఆపి, ఆ నట్ల మీద చిక్కని సబ్బు నురగ రాస్తే లీకు ఉన్న చోట బుడగలు ఉబ్బుతాయి. ఈ పరీక్ష మీ కళ్ల ముందే చేయించుకోవచ్చు. లీకు నట్టు దగ్గరే అయితే ఫ్లేర్‌ను (గొట్టం చివర గరాటులా విప్పిన అంచును) కొత్తగా చేసి బిగించడంతో కొన్ని వందల్లో పని పూర్తవుతుంది. దీనికే కాయిల్ మార్చాలని ఎవరైనా అంటే, బుడగలు కాయిల్‌లో ఎక్కడ వచ్చాయో చూపించమనండి.

గ్యాస్ నింపుతున్నప్పుడు పక్కన నిలబడి ఏమి గమనించాలి?

మొదటిది, లీకు కట్టిన తరువాత నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడడం. ఈ పనికి ఆక్సిజన్ సిలిండర్ వాడే వారు అక్కడక్కడా ఉన్నారు. ఆక్సిజన్, కంప్రెసర్ ఆయిల్ ఒత్తిడిలో కలిస్తే పేలుడు జరగవచ్చు కాబట్టి ఆ సిలిండర్ కనబడితే పని అక్కడే ఆపించాలి.

రెండవది వాక్యూమ్. గొట్టాల్లోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో తీసివేయాలి. ఇంటి ఏసీకి దీనికి ఎంత తక్కువనుకున్నా 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. పంపు మోయడం ఇష్టం లేక, కొంచెం గ్యాస్ వదిలి దానితోనే గాలిని తోసివేసే అలవాటు చాలామందికి ఉంది. దానివల్ల తేమ లోపలే ఉండిపోయి, ఆయిల్‌తో చేరి ఆమ్లంగా మారి, కంప్రెసర్ మోటారులోని తీగ చుట్టలను నెమ్మదిగా తినేస్తుంది. ఆ నష్టం ఆ రోజు కనిపించదు, రెండు మూడేళ్ల తరువాత కంప్రెసర్ బిల్లు రూపంలో వస్తుంది.

మూడవది తూకం. అవుట్‌డోర్ యూనిట్ పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. సిలిండర్‌ను తూకం మిషన్ మీద పెట్టి సరిగ్గా అన్ని గ్రాములు ఎక్కించాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారే కొద్దీ ఒత్తిడీ మారుతుంది కాబట్టి గేజ్ ముల్లును మాత్రమే చూసి నింపడం సరికాదు. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. తూకం మిషన్ తెచ్చే మెకానిక్ 500 రూపాయలు ఎక్కువ అడిగినా అతనికే పని ఇవ్వడం మేలు.

ఆర్-22, ఆర్-410ఏ, ఆర్-32 అనే గ్యాసుల తేడా ఖర్చు మీద ఎలా పడుతుంది?

ఒక గ్యాస్ కోసం తయారైన ఏసీలో మరొకటి నింపకూడదు. ఆర్-410ఏ, ఆర్-32 గ్యాసుల ఒత్తిడి ఆర్-22 కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది, వాటికి వాడే ఆయిల్ కూడా వేరు. పాత ఏసీలలో ఉండే ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశంలోనూ దీని వాడకాన్ని 2030 నాటికి దాదాపుగా ఆపేసే దిశగా దశలవారీగా తగ్గిస్తున్నారు. కాబట్టి ఆర్-22 ఏసీలో లీకు వస్తే పెద్ద ఖర్చు పెట్టే ముందు ఆలోచించాలి.

ఇప్పుడు అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం ఆర్-32 ఏసీలే. దీనికి కొద్దిగా మండే గుణం ఉంది. లోపల గ్యాస్ ఉండగా గొట్టాలకు వెల్డింగ్ మంట పెట్టకూడదు, గ్యాస్ పూర్తిగా తీసి, నైట్రోజన్‌తో గొట్టాలను కడిగిన తరువాతే పెట్టాలి. కొన్ని మోడళ్లలో వాడే ఆర్-290 అంటే ప్రొపేన్. అది ఇంకా తేలికగా మండుతుంది కాబట్టి ఆ ఏసీల రిపేరును అందులో శిక్షణ పొందిన వారికి తప్ప ఇతరులకు అప్పగించకూడదు.

మెకానిక్‌ను పిలిచే ముందు నేనే చూసుకోదగినవి ఏమిటి?

రిమోట్‌లో మోడ్ పొరపాటున ఫ్యాన్ లేదా డ్రై మీదకు మారిందేమో చూడండి. పిల్లలున్న ఇళ్లలో ఇది తరచుగా జరుగుతుంది. ఫిల్టర్లు తీసి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి. వేసవిలో రెండు వారాలకు ఒకసారి ఇది చేసుకుంటే సగం ఫిర్యాదులు పుట్టవు. అవుట్‌డోర్ యూనిట్ వెనుక పావురాల గూడు, ఎండుటాకులు, ఆరబెట్టిన దుప్పట్లు గాలికి అడ్డుపడుతున్నాయేమో గమనించండి. ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే తానే ఆగిపోయే స్విచ్) పడిపోయి ఉంటే ఒక్కసారి మాత్రమే ఎత్తి చూడండి. మళ్లీ పడిపోతే షార్ట్ వంటి లోపం ఉన్నట్టే, మళ్లీ మళ్లీ ఎత్తడం ప్రమాదం. అవుట్‌డోర్ యూనిట్ మూత మాత్రం మీరు తెరవకండి. కరెంటు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత ఛార్జి నిలిచి ఉంటుంది.

నడి మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు, బయట 44 డిగ్రీలు ఉండగా, పై అంతస్తు గదిలో ఒక టన్ను ఏసీ 18 డిగ్రీలకు దింపలేకపోవడం రిపేరు కాదు. అది గదికి సరిపోని ఏసీ, అంతే.

కంప్రెసర్ పోయిందంటే ఎలా నమ్మాలి?

మామూలు ఏసీ అయితే ముందు కెపాసిటర్ మార్చి చూశారా అని అడగండి. తరువాత కంప్రెసర్ మూడు టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూపించమనండి, బాడీకి ఎర్త్ షార్ట్ ఉందేమో కూడా చూపించమనండి. చుట్టలు తెగినా, బాడీకి తగిలినా మీటరు చెప్పేస్తుంది, అందులో వాదనకు చోటు ఉండదు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్‌ను నడిపేది పీసీబీ కాబట్టి లోపం బోర్డులో ఉండి నింద కంప్రెసర్ మీద పడడం జరుగుతుంది. ఇంత పెద్ద బిల్లు అన్నప్పుడు మరో 400 రూపాయల విజిటింగ్ ఛార్జీ ఇచ్చి రెండో అభిప్రాయం తీసుకోవడం దండగ కాదు. కంప్రెసర్ నిజంగా కాలిపోయి ఉంటే గొట్టాలను ఫ్లష్ చేసి కొత్త ఫిల్టర్ డ్రయ్యర్ (గొట్టాల్లోని తేమను, చెత్తను పట్టే పార్టు) వేయాలి, లేకపోతే పాత మసి, ఆమ్లం కొత్త కంప్రెసర్‌నూ పాడు చేస్తాయి. కొటేషన్‌లో ఆ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇన్వర్టర్ ఏసీ పీసీబీ ఇంత తరచుగా ఎందుకు పోతుంది? బాగు చేయించాలా, కొత్తది వేయించాలా?

వోల్టేజీ హెచ్చుతగ్గులు, పిడుగుల కాలంలో ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ (సర్జ్), తేమ, చీమలు, బల్లులు ప్రధాన కారణాలు. వెచ్చదనం కోసం అవుట్‌డోర్ యూనిట్‌లో దూరిన బల్లి బోర్డు మీద రెండు టెర్మినళ్లకు అడ్డంగా పడి చనిపోవడం మన ప్రాంతంలో మెకానిక్‌లు తరచుగా చూసే దృశ్యమే. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాన్ని పుట్టీతో మూయిస్తే చాలు, దీనికి పట్టే ఖర్చు నామమాత్రం.

డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ చూపగానే బోర్డు పోయిందని అనుకోనక్కర లేదు. ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్ల మధ్య సమాచారం అందడం లేదని చెప్పే కోడ్ వచ్చినప్పుడు, ఆ రెంటినీ కలిపే వైరును ఎలుక కొరకడమో, మధ్యలో వేసిన జాయింట్ తుప్పు పట్టడమో కూడా కారణం కావచ్చు. ముందు వైరు పరీక్షించాలి. బోర్డే పోయిందని తేలితే, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి చోట్ల పీసీబీలు మాత్రమే బాగు చేసే వారు ఉన్నారు. ఒకటి రెండు విడిభాగాలు కాలిన బోర్డును వారు బాగు చేసి కొద్ది నెలల గ్యారంటీ ఇస్తారు. బోర్డు మీద రాగి దారులే కాలిపోయి నల్లబడి ఉంటే, లేదా ఉప్పు తేమ వల్ల అంతటా పచ్చగా తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయించడమే మంచిది. స్టెబిలైజర్ అక్కర లేదని కంపెనీలు చెప్పేది ఒక వోల్టేజీ పరిధిలో మాత్రమే. మీ వీధిలో సాయంత్రం లైట్లు మినుకుమినుకుమంటుంటే ఒకటిన్నర టన్నుల ఏసీకి 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టడం బోర్డు ధర కన్నా చవక.

కొత్త ఏసీ కాయిల్‌కే చిల్లు పడుతుందా?

పడుతుంది. రాగి గొట్టాలను తినేసే వాయువులు మురుగు కాలువల దగ్గర ఎక్కువగా ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లబరిచి, కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు చేస్తుంది. మూసీ పక్కన, నాలాల పక్కన ఉండే ఇళ్లకు ఈ బెడద ఉంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలి అవుట్‌డోర్ కాయిల్ రెక్కలను పొడిపొడి చేస్తుంది. ఇటువంటి చోట కొనేటప్పుడే కాయిల్ మీద రక్షణ పూత ఉన్న మోడల్ తీసుకోవాలి, కాయిల్‌కు విడిగా ఐదేళ్ల వారంటీ ఇచ్చేవి దొరికితే మరీ మంచిది. వెల్డింగ్ చేసి ఒక రంధ్రం మూయించవచ్చు గానీ, గొట్టమంతా తినేసిన కాయిల్‌లో పక్కనే ఇంకొకటి పడుతుంది. ఒకే కాయిల్‌కు రెండోసారి వెల్డింగ్ అన్నారంటే ఇక మార్చడమే.

ఇండోర్ యూనిట్ నుంచి నీళ్లు కారితే?

చాలా సందర్భాల్లో డ్రెయిన్ పైపులో బురద, నాచు చేరి మూసుకుపోవడమే కారణం. జెట్ సర్వీసుతోనే సరిపోతుంది, దీనికి గ్యాస్ నింపాలంటే ఒప్పుకోకండి.

కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అంటే రిపేరు ఉచితమేనా?

కాదు. మామూలుగా మొదటి ఏడాది మాత్రమే మొత్తం ఏసీకి వారంటీ వర్తిస్తుంది. ఆ తరువాత పదేళ్ల వారంటీ అన్నది కంప్రెసర్ అనే పార్టుకే. గ్యాస్, కూలి, రవాణా, వాటి మీద 18 శాతం జీఎస్టీ చాలా కంపెనీలు మీ నుంచే తీసుకుంటాయి, కొన్ని మాత్రమే గ్యాస్‌ను కూడా కలుపుతాయి. అందువల్ల ఉచిత కంప్రెసర్‌కు కూడా కొన్ని వేల రూపాయలు చేతి నుంచి పడతాయి. వారంటీ కార్డులో మినహాయింపులని రాసిన పేరాను కొనే ముందే చదవండి. అసలు బిల్లు ఫొటో తీసి దాచుకోండి, థర్మల్ కాగితం మీద అచ్చు రెండేళ్లలో వెలిసిపోతుంది. వారంటీ ఉన్నంత కాలం బయటి మెకానిక్ చేత యూనిట్ తెరిపిస్తే ఆ సాకుతో కంపెనీ నిరాకరించే అవకాశం ఉంది.

ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకోవడం లాభమా?

రెండు రకాలున్నాయి. సర్వీసులు మాత్రమే ఇచ్చేది ఒకటి, పార్టులను కూడా కలిపేది మరొకటి. మొదటి రకంలో మీరు పొందేది ఏడాదికి రెండు మూడు జెట్ సర్వీసులు, పిలిచినప్పుడు విజిటింగ్ ఛార్జీ లేకపోవడం మాత్రమే. వాటినే విడిగా చేయిస్తే ఎంతవుతుందో లెక్క వేసి చూస్తే సరిపోతుంది. ఒకే ఏసీ ఉన్న ఇంటికి ఇది పెద్దగా కలిసిరాదు. రెండో రకం నాలుగైదేళ్లు దాటిన ఇన్వర్టర్ ఏసీకి ఉపయోగపడవచ్చు, అయితే పీసీబీ, గ్యాస్, కాయిల్ మూడూ అందులో ఉన్నాయని కాగితం మీద చూసుకోవాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ ఒప్పందానికి అంత ధర పెట్టనక్కర లేదు.

సర్వీసు చేయించుకునే కాలం కూడా ముఖ్యమే. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, ఉగాదిలోపు చేయిస్తే మెకానిక్ నింపాదిగా పని చేస్తాడు, ధర కూడా తగ్గుతుంది. రోహిణి కార్తెలో పిలిస్తే రెండు రోజుల తరువాత వచ్చి పది నిమిషాల్లో వెళ్లిపోతాడు.

కంపెనీ సర్వీసు మంచిదా, తెలిసిన లోకల్ మెకానిక్ మంచివాడా?

వారంటీ ఉన్నంత వరకు కంపెనీయే. తరువాత జెట్ సర్వీసు, కెపాసిటర్, డ్రెయిన్, ఫ్లేర్ లీకు వంటి పనులకు నమ్మకమైన లోకల్ మెకానిక్ చాలు. ఇన్వర్టర్ బోర్డు, ఆర్-290 గ్యాస్ విషయంలో కంపెనీ మనిషి మేలు. అయితే కస్టమర్ కేర్ నంబరును ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనబడిన దానికి ఫోన్ చేయకండి. కంపెనీ పేరు పెట్టుకుని వేరెవరో పెట్టిన నంబర్లు అక్కడ చాలా ఉంటాయి. వారంటీ కార్డు మీద లేదా కంపెనీ సొంత యాప్‌లో ఉన్న నంబరునే వాడండి. బుకింగ్ ఖాయం చేయడానికి పది రూపాయలు పంపమని లింకు ఇచ్చినా, ఫోనులో ఏదైనా యాప్ ఎక్కించుకోమన్నా అది మోసమే.

ఎప్పుడు రిపేరు మానేసి కొత్తది కొనాలి?

ఎనిమిదేళ్లు దాటిన ఏసీకి కాయిల్ గానీ, కంప్రెసర్ గానీ మార్చాలని చెబితే కొత్తదాని వైపు చూడడమే మంచిదని మా అభిప్రాయం. ఆర్-22 ఏసీ అయితే వయసుతో కూడా పని లేదు. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ 35,000 నుంచి 45,000 రూపాయలకు దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కూడా.

కరెంటు లెక్క కూడా కలుపుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ లేబుల్ మీద రాసిన వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసిన లెక్క. మీ పాత ఏసీ లేబుల్ మీది అంకెకు, కొత్తదాని అంకెకు ఉన్న తేడాను మీ స్లాబులోని యూనిట్ ధరతో గుణించండి. ఉదాహరణకు తేడా 500 యూనిట్లు ఉండి, యూనిట్ 9 రూపాయలైతే ఏడాదికి 4,500 రూపాయలు మిగులుతాయి. రాత్రిపూట రెండు నెలలు మాత్రమే ఏసీ వేసే ఇంటికి ఈ లాభం అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు, అటువంటి వారు పాతదాన్ని బాగు చేయించుకుని వాడుకోవడంలో తప్పు లేదు.

బిల్లులో ఏమేమి ఉండాలి? మోసం జరిగిందనిపిస్తే ఎవరికి చెప్పాలి?

ఏ పార్టు మార్చారు, దాని ధర ఎంత, కూలి ఎంత, గ్యాస్ పేరు, గ్రాములు, పనికి ఎన్ని రోజుల గ్యారంటీ అన్నవి కాగితం మీద ఉండాలి. జీఎస్టీ వసూలు చేస్తే వారి జీఎస్టీ నంబరు ఉండాలి. మార్చిన పాత పార్టును మీకు అప్పగించమని పని మొదలు పెట్టకముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో అనవసరమైన మార్పిడులు చాలా ఆగుతాయి. వారంటీ కింద మార్చిన పార్టును మాత్రం కంపెనీ వెనక్కి తీసుకుంటుంది.

ఫిర్యాదును ముందు సర్వీస్ సెంటర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకునే వీలుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే కోర్టు రుసుము ఉండదు, లాయరు తప్పనిసరి కాదు. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

ఇల్లు మారేటప్పుడు ఏసీ తీసి బిగించడానికి ఎంత అవుతుంది?

తీయడం, బిగించడం కలిపి 2,000 నుంచి 3,000 రూపాయలు, కొత్త చోట గొట్టం పొడవు చాలకపోతే రాగి గొట్టానికి మీటరు లెక్కన అదనం. తీసే ముందు గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయాలి. దీన్ని పంప్ డౌన్ అంటారు. అది సరిగ్గా చేస్తే కొత్త ఇంట్లో గ్యాస్ నింపే పని ఉండదు, హడావిడిగా గొట్టాలు విప్పితే మరో మూడు వేలు గాలిలో కలుస్తాయి. విప్పిన గొట్టాల చివరలకు టేపు చుట్టించండి.

అద్దె ఇంట్లో ఏసీ యజమానిది. రిపేరు ఖర్చు ఎవరిది?

అద్దె ఒప్పందంలో రాసుకున్నదే చెల్లుతుంది. ఏమీ రాసుకోకపోతే, ఫిల్టరు, జెట్ సర్వీసు వంటి రోజువారీ ఖర్చులు అద్దెకున్నవారు, కంప్రెసర్, కాయిల్, పీసీబీ వంటి పెద్ద ఖర్చులు యజమాని పెట్టుకోవడం సాధారణంగా జరిగే పద్ధతి. ఇంట్లో దిగే రోజే ఏసీని అరగంట నడిపి, ఆ స్థితిని ఇద్దరూ వాట్సాప్‌లో రాసి పెట్టుకుంటే ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ దగ్గర పేచీ రాదు.